ముక్కల కంట్రాక్టులు – ప్రజాధనము
(గ్రామసేవకుల సభలో ఒక న్యాయవాది చేసిన యుపన్యాసము)



సర్కారు తరఫున వంతెన గాని, చెరువుగట్టు గాని, పాఠశాల గాని కట్టవలసి వచ్చినపుడు టెండర్లు పిలుచుట మీరెరిగినదే. పిలుచునపుడు పని యొక్కటి. ఇచ్చునపుడు మాత్రము అప్పుడప్పుడది రెండు మూడు ముక్కలగును. వంతెన నొకనికిచ్చి, దాని కిరుప్రక్కల చేరు రోడ్డును మరియొకనికిచ్చి, రక్షణ గోడల పనిని "తరువాత చూతము" అని యట్టిపెట్టుదురు. అంతట వివాదము పుట్టును. పని మొత్తము నాకే రావలెనని యొకడు, నాకిచ్చిన ముక్క నాకక్కరలేదని వేరొకడు న్యాయస్థానము నాశ్రయింతురు. ఊరివారు వానకాలమున వాగు దాటలేక ఒడ్డున నిలిచియుందురు. ఈ తగవుల మర్మమేమో, ఇందు మన కర్తవ్యమేమో నేడు మనవి చేసెదను.

మొదట శాసనమును జూతము. 1872వ సంవత్సరపు ఒడంబడికల చట్టము 7వ సెక్షను ప్రకారము, అంగీకారము సంపూర్ణమును, షరతులు లేనిదియునై యుండవలెను. టెండరు వేయుట యనగా ప్రతిపాదన చేయుట. మొత్తము పనికి ధర చెప్పినవానితో "ఇందు సగము మాత్రము చేయుము" అనుట అంగీకారము గాదు. అది సర్కారువారు చేయు క్రొత్త ప్రతిపాదన. దానిని ఒప్పుకొనుటయు మానుటయు వాని యిష్టము. మానినాడని ధరావతు జప్తు చేయుట యీ సూత్రమునుబట్టి న్యాయము గాదు.

అయితే సర్కారువారు ఈ సూత్ర మెరుగనివారు గారు. కేంద్ర ప్రజాపనుల శాఖవారి టెండరు ప్రకటన నమూనాలో, టెండరును పూర్తిగా గాని, అందలి యే భాగమునైన గాని అంగీకరించు హక్కును అధికారి తనయందుంచుకొనుననియు, ఆ భాగమును తాను చెప్పిన రేట్లకే చేయుటకు టెండరుదారు బద్ధుడనియు నొక నిబంధన యున్నది. దానిక్రింద సంతకము చేసినవాని ప్రతిపాదనలోనే విభజనకు సమ్మతి యిమిడియున్నది. ఇక తగవేమి యని మీరడుగవచ్చును. హక్కుండుట వేరు, దానిని ప్రయోగించు రీతి వేరు. తగవంతయు నచ్చటనే యున్నది.

ఒక లెక్క చెప్పెదను. ఇది విషయము తెలియుటకు ఊహించినదే. ఒక టెండరుదారు వంతెనకు 60 లక్షలు, రోడ్డుకు 30 లక్షలు, మొత్తము 90 లక్షలకు వేసినాడు. రెండవవాడు వంతెనకు 66, రోడ్డుకు 26, మొత్తము 92 లక్షలకు వేసినాడు. అధికారి వంతెనను మొదటివానికి, రోడ్డును రెండవవానికి ఇచ్చి, 86 లక్షలతో పని ముగియుననియు, 4 లక్షలు మిగిలినవనియు వ్రాసికొనును. కాగితముమీద ఆ లెక్క సరియే. కాని మొదటివాడు తన గుడారములు, కాంక్రీటు కలుపు యంత్రము, మేస్త్రీల జీతములు రెండు పనులకును ఉపయోగించునని యెంచి 60 లక్షలు చెప్పినాడు. వంతెన యొక్కటే యైనచో అతడా ధర చెప్పియుండడు. ఇప్పుడతడు పని వదలును, లేక సిమెంటులో మిగుల్చుకొన జూచును, లేక అదనపు సొమ్ము కోరి మధ్యవర్తుల యెదుట తగవు పెట్టును. మరియు వంతెనయు రోడ్డును కలియు చోట మన్ను క్రుంగినచో, తప్పు మన్ను పోసినవానిదని యొకడు, గోడ కట్టినవానిదని వేరొకడు వాదింతురు. మిగిలినవనుకొన్న 4 లక్షలు ఆ సందులోనే కూరుకొనిపోవును.

ఇంతమాత్రమున విభజనయే పాపమని నేననను. ముందుగానే ప్రకటనలో "పని ఇన్ని భాగములు, ఒక్కొక్క భాగమునకు వేర్వేరుగ ధర చెప్పుడు, వేర్వేరు వారికి ఇయ్యవచ్చును" అని స్పష్టముగ జెప్పినయెడల, ప్రతివాడును తన ఖర్చులను దానికి తగినట్లు వేసికొనును. మొత్తము పని మోయలేని చిన్న కంట్రాక్టరు కూడ ముందుకు వచ్చును. పోటీ పెరుగును, ధర తగ్గును. కేంద్ర విజిలెన్సు కమిషనువారు 2007 మార్చిలో ఇచ్చిన యాదేశమునందు, ఒకరికంటె నెక్కువమంది వద్ద సరకు తీసికొన దలచినచో, ఆ పంపకపు పాళ్లను టెండరులోనే ముందుగ వెల్లడింపవలెనని చెప్పియున్నారు. అది ముఖ్యముగ సరఫరాలనుగూర్చినదైనను, అందలి న్యాయము కట్టడములకును చెల్లును. ముందు చెప్పిన విభజన పద్ధతి. తరువాత తోచిన విభజన అనుమానమునకు తావు.

న్యాయస్థానములు దీనిని సరిదిద్దవా? సర్కారు తాను ప్రకటించిన ప్రమాణమునకు తానే కట్టుబడవలెనని 1979లో బొంబాయి విమానాశ్రయపు భోజనశాల కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. ఆట మొదలైన పిదప నియమములు మార్చుట తగదని 2000లో ఉల్లాస్‌నగరు పురపాలక సంఘపు కేసులో చెప్పినది. కాని 1979 నాటి కేసులోనే, అర్జీదారు ఆలస్యముగ వచ్చినందునను, కంట్రాక్టు పొందినవాడు అప్పటికే సొమ్ము ఖర్చుపెట్టినందునను, అర్జీదారునకు ఫలమేమియు దక్కలేదు. టెండరు నిర్ణయము మంచిచెడ్డలను గాక, నిర్ణయించిన విధానమును మాత్రమే పరీక్షింతుమని 1994లో టాటా సెల్యులార్ కేసులో కోర్టువారు నిర్ణయించిరి. పనులు నిలుపు ఉత్తరువు లిచ్చుటకు కోర్టులు వెనుదీయవలెననియు, తప్పు జరిగినచో నష్టపరిహారము చాలుననియు 2022లో ఝార్ఖండు రోడ్డు పని కేసులో చెప్పిరి. ప్రజల పని ఆగరాదను నుద్దేశము మంచిదే. అయినను దాని ఫలితమేమి? కోర్టు వచ్చునప్పటికి ముక్కలు పంచుటయు, పునాదులు త్రవ్వుటయు ముగిసియుండును. కావున జాగ్రత్త టెండరు ప్రకటననాడే కావలెను.

అట్టిపెట్టిన ముక్కనుగూర్చి యొకమాట. దానిని అధికారి నోటిమాటతో నెవనికో అప్పగించుట గలదు. వంగ రాష్ట్రమున 1944లో పౌరసరఫరాల శాఖ యధికారుల కోరికపై ఒక కంపెనీ కొన్ని కట్టడములు కట్టినది. శాసనము కోరిన రీతిని ఒప్పందము లేదని సర్కారు సొమ్ము చెల్లింప నిరాకరించినది. 1961లో సుప్రీంకోర్టు, ఒప్పందము చెల్లకున్నను, ఆ పనివలన లాభము పొందిన సర్కారు ఒడంబడికల చట్టము 70వ సెక్షను క్రింద పరిహారమియ్యవలసినదే యని తీర్పు చెప్పినది. కాగితము లేకున్నను ఖజానా చెల్లింపక తప్పలేదు. టెండరు లేక పోటీ లేదు. పోటీ లేని పనికి ధర యెక్కువైనను కనుగొనువాడు లేడు.

కాబట్టి మనము కోరవలసినవి మూడు. మొదటిది, పనిని విభజింప దలచినచో ఆ సంగతియు, భాగములును ప్రకటనలోనే యుండవలెను. "ఏ భాగమునైనను" అను నొక్క వాక్యము చాలదు. రెండవది, విభజించిననాడే కారణమును, భాగములు కలియు చోటికి బాధ్యుడెవ్వడో దానిని, వ్రాతమూలముగ నిర్ణయింపవలెను. మూడవది, ప్రకటనలో లేని ముక్కను వలదన్నవాని ధరావతును వెంటనే తిరిగి యియ్యవలెను. ఇది కంట్రాక్టరుపై జాలి గాదు. ధరావతు పోవునన్న భయమున్నచోట టెండరుదారు ఆ భయమునకు కూడ వెల గట్టి తన ధరలో కలుపును. ఆ వెల చెల్లించువారము మనమే.

సేవకులారా, మీ యూర పని జరుగుచున్నచో 2005 నాటి సమాచార హక్కు చట్టము క్రింద మూడు కాగితములడుగుడు: టెండరు ప్రకటన, టెండర్లను సరిపోల్చిన పట్టిక, అంగీకార పత్రము. 30 దినములలో జవాబియ్యవలసిన బాధ్యత అధికారిపై నున్నది. పిలిచిన పనియు ఇచ్చిన పనియు నొక్కటేనా యని వానిని ప్రక్కప్రక్కన బెట్టి చూడుడు. దీనికి న్యాయశాస్త్ర పాండిత్య మక్కరలేదు. చదువను, కూడను వచ్చిన చాలును.

1947కు పూర్వము ఖజానా పరులదని మనవారు దాని లెక్కలడుగుట మానియుండవచ్చును. నేడది మనది. తన యింటి గోడను ముగ్గురు మేస్త్రీలకు పంచి, ఎవనికెంత యిచ్చెనో యడుగని గృహస్థుని లోకము తెలివిగలవాడనదు. ఊరి వంతెనకును ఆ న్యాయమే వర్తించును.