నా పుర్రచెయ్యి

 

నన్ను నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను పెద్ద ఉపన్యాసాలు ఇచ్చే మనిషిని కాదు. మీలాగే వయసు వచ్చాక పలక పట్టినదాన్ని. అందుకని నాకు బాగా తెలిసిన సంగతి ఒకటి చెబుతాను. అది నా చెయ్యి సంగతి.

ఇందాక నేను చాప మీద ఈ చివర కూర్చున్నాను. మీరంతా మధ్యలో కూర్చోమని పిలిచారు. నేను రాలేదు. ఈమెకు గర్వం కాబోలు అనుకున్నారేమో! గర్వం కాదమ్మా. నేను మధ్యలో కూర్చుంటే పక్కామెకు నా మోచెయ్యి తగులుతుంది. ఎందుకంటే నాది పుర్రచెయ్యి. అంటే ఎడమచేతి వాటం.

మా ఇంటికి వస్తే మీకు నవ్వు వస్తుంది. నీళ్ళ బిందె పక్కన గ్లాసు ఎడమ వైపు ఉంటుంది. పోపుల డబ్బా ఎడమ వైపు ఉంటుంది. మా ఆడబిడ్డ వచ్చి వంట చేసిందంటే అట్లకాడ కోసం పొయ్యి చుట్టూ వెతుకుతుంది. "మీ ఇంట్లో అన్నీ తిరగబడి ఉంటాయి వదినా" అంటుంది. "అవి సరిగ్గానే ఉన్నాయి. నువ్వే తిరగబడి ఉన్నావు" అంటాను నేను.

ఇప్పుడు ఇట్లా నవ్వుతూ చెబుతున్నాను. కానీ ముప్పై ఏళ్ళకు పైగా ఈ సంగతి దాచుకున్నాను.

చిన్నప్పటి మాట

మాది నెల్లూరు జిల్లాలో ఒక పల్లెటూరు. నేను పుట్టింది 1957లో. నాకు నడక వచ్చిన నాటి నుంచి ఏది అందుకున్నా ఎడమ చేత్తోనే అందుకునేదాన్నట. మా అవ్వకు అది నచ్చలేదు. "ఆడపిల్లకు పుర్రచెయ్యి ఏమిటి? రేపు అత్తగారింట్లో మాట పడుతుంది" అనేది. అన్నం తినేటప్పుడు నా ఎడమ చేతిని పాత గుడ్డతో నడుముకు కట్టేసేది. నేనేం తక్కువ తిన్నానా? పళ్ళెంలోకి వంగి నోటితోనే తినేదాన్ని. మా అవ్వ తల కొట్టుకునేది. మా నాయన మాత్రం పక్కకు తిరిగి నవ్వుకునేవాడు.

మా వీధిలో ఒక శెట్టిగారి అంగడి ఉండేది. అయిదు పైసలు ఇస్తే చేతి నిండా బొరుగులు పోసేవాడు. నేను ఎడమ చెయ్యి చాచేదాన్ని. ఆయన డబ్బా మూత వేసేవాడు. కుడి చెయ్యి చాచేదాన్ని. మూత తీసేవాడు. నాకు అది ఆటలా ఉండేది. ఒక రోజు చాచడం, తీయడం, మళ్ళీ చాచడం చేస్తే ఆయనకు విసుగు పుట్టింది. రెండు చేతులూ పట్టమని దోసిట నిండా పోశాడు. ఆ రోజు నాకు పండగ!

కానీ బడిలో మాత్రం ఆట సాగలేదు.

నాకు ఆరేళ్ళప్పుడు బడిలో వేశారు. కొత్త పలక, కొత్త బలపం. ఎంత సంబరమో! అయ్యవారు "అ" రాసి దిద్దమన్నారు. నేను ఎడమ చేత్తో బలపం పట్టుకున్నాను. మణికట్టు మీద బెత్తం పడింది. కుడి చేత్తో పట్టుకున్నాను. గీత వంకర పోయింది. వంకర పోయినందుకు మళ్ళీ పడింది. ఎడమ చేత్తో పట్టుకుంటే తప్పు. కుడి చేత్తో రాస్తే తప్పు. ఇంక ఏ చేత్తో రాయాలి?

మూడో రోజు నేను బడికి పోలేదు. గడ్డివాములో దాక్కున్నాను. సాయంత్రం మా నాయన వెతికి పట్టుకున్నాడు. "దీనికి చదువు అబ్బదులే" అన్నాడు. మరునాటి నుంచి బర్రెల వెంట పంపాడు.

ఆ అయ్యవారిని నేను ఇప్పుడు తిట్టను. ఆయన చిన్నప్పుడు ఆయనకు కూడా అట్లాగే చెప్పి ఉంటారు. కానీ ఆ మాట మాత్రం నా మనసులో ముల్లులా దిగింది. నాకు చదువు అబ్బదు. నేను మొద్దును. అట్లా అని నేనే నమ్మాను.

దొంగచాటు పనులు

పెళ్ళయి అత్తగారింటికి వచ్చాను. మా అవ్వ ముందే జాగ్రత్తలు చెప్పింది. "పెట్టేటప్పుడు, పుచ్చుకునేటప్పుడు కుడి చెయ్యి. నలుగురిలో కుడి చెయ్యి." సరేనన్నాను. నలుగురిలో కుడి చెయ్యే వాడాను. కానీ ఎవరూ చూడకపోతే ఎడమ చెయ్యి ఊరుకుంటుందా?

కోడి కూయక ముందే లేచేదాన్ని. మంచి కోడలు అని మా అత్త మురిసిపోయేది. అసలు సంగతి వేరు. చీకట్లో అయితే ఎడమ చేత్తో ముగ్గు వేసుకోవచ్చు! మా వీధిలో నా ముగ్గుకు పేరుండేది. పదిహేను చుక్కల మెలిక ముగ్గు ఎక్కడా తెగకుండా తిప్పేదాన్ని. తెల్లారాక అందరూ ముగ్గు చూసేవాళ్ళు. చెయ్యిని ఎవరూ చూసేవాళ్ళు కాదు.

కోతలకు పోయినప్పుడు మాత్రం దొరికిపోయాను. కోత కోసేటప్పుడు అందరూ ఎడమ చేత్తో దుబ్బు పట్టుకుంటారు. కుడి చేత్తో కొడవలి లాగుతారు. నాకు అట్లా లాగితే దుబ్బు తెగదు, వేలు తెగుతుంది. చేతులు మార్చుకుంటే పక్కామె మోచేతికి నా మోచెయ్యి తగులుతుంది. పైగా కొడవలి పళ్ళు కుడిచేతి వాళ్ళకు తగినట్టు ఉంటాయి.

మా ఊరి కమ్మరి తాత ఇది కనిపెట్టాడు. ఏమీ అనలేదు. కొడవలి పళ్ళు రెండో వైపుకు కొట్టి ఇచ్చాడు. "ఇది నీకు తప్ప ఎవరికీ పనికిరాదు. ఎవరూ ఎత్తుకుపోరు" అన్నాడు. మేస్త్రి నన్ను వరసలో ఎడమ చివర నిలబెట్టాడు. ఆ రోజు నుంచి నేను ఎవరికీ వెనకపడలేదు. చెయ్యి అదే. పనిముట్టు మారింది, చోటు మారింది. అంతే.

ఇంకో తమాషా వినండి. ఒకసారి ఒక కాగితం పని మీద ఆఫీసుకు పోయాను. "సంతకం వచ్చా?" అని అడిగారు. రాదన్నాను. వేలిముద్ర వెయ్యమన్నారు. నేను బుద్ధిగా కుడి చెయ్యి చాచాను. "అది కాదమ్మా, ఎడమ చెయ్యి, ఎడమ చెయ్యి!" అన్నారు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రాయడానికి పనికిరాని చెయ్యి, రాయడం రాదని చెప్పడానికి పనికొచ్చింది!

లాంతరు వెలుతురులో

1991లో మా నెల్లూరు జిల్లాలో ఊరూరా రాత్రి బడులు నడిచాయి. మా వాడకు పదో తరగతి పాసయిన పిల్ల ఒకతె చదువు చెప్పడానికి వచ్చేది. అప్పుడు నాకు 34 ఏళ్ళు. తోటివాళ్ళు లాక్కుపోతే పోయాను. కుడి చేత్తో బలపం పట్టుకున్నాను. నెల రోజులయినా "అ" రాలేదు. నా "అ" చూస్తే నాకే భయం వేసేది. కాలు విరిగిన కోడిలా ఉండేది. ఇంక మానేద్దాం అనుకున్నాను.

ఒక రోజు ఆ పిల్ల పొద్దున్నే మా వీధిన పోతూ ఆగింది. నేను వంగి ముగ్గు వేస్తున్నాను. తల ఎత్తి చూసేసరికి ఎదురుగా నిలబడి ఉంది. నా చెయ్యి వణికింది. పిండి జారిపోయింది.

ఆ పిల్ల ముగ్గు చూసింది. నా చెయ్యి చూసింది. "ఇంత మెలిక తిప్పే చేతికి అక్షరం రాదా అక్కా? ఈ చేత్తోనే రాయరాదా?" అంది.

"తప్పు కదమ్మా" అన్నాను.

"ఎవరికి తప్పు?" అంది.

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

ఆ రాత్రి ఎడమ చేత్తో బలపం పట్టుకున్నాను. ఇరవై ఎనిమిదేళ్ళ తర్వాత! మన తెలుగు అక్షరాలు చూడండి. అన్నీ గుండ్రాలూ మెలికలే కదా. ముగ్గు తిప్పినట్టే తిరిగాయి. అయితే ఒక చిక్కు వచ్చింది. మనం ఎడమ నుంచి కుడికి రాస్తాం. రాసిన అక్షరాల మీదుగా నా చెయ్యి పోతుంది. నేను రాసేది రాస్తుంటే నా చెయ్యి చెరిపేది చెరిపేస్తోంది! వెనక్కి తిరిగి చూస్తే పలక ఖాళీ. చెయ్యి మాత్రం తెల్లగా ఉంది. అందరం పడి పడి నవ్వాం. తర్వాత నేనే ఉపాయం కనిపెట్టాను. పలకను కాస్త వాలుగా పెట్టాను. చెయ్యి వరస కిందకు ఉంచాను. అక్షరం నిలిచింది.

మూడు నెలల్లో నా పేరు రాశాను. ఆ పేరు పక్కన కూర్చుని చాలాసేపు చూసుకున్నాను. నేను మొద్దును కాదు. నన్ను కట్టేశారు, అంతే. ఆ రాత్రి నాకు ఈ సంగతి తెలిసింది.

1992లో మా జిల్లాలో ఆడవాళ్ళంతా సారా వద్దని లేచారు. మా ఊళ్ళో కూడా అర్జీ రాశాం. నా వంతు వచ్చింది. అందరి ముందూ ఎడమ చేత్తో సంతకం పెట్టాను. మా ఆయన చూశాడు. "నీది పుర్రచెయ్యా?" అన్నాడు. పెళ్ళయి పద్దెనిమిదేళ్ళు! అప్పటికి గానీ చూడలేదు. "తాగడం తగ్గిస్తే ఇంకా చాలా కనపడతాయి" అన్నాను. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా ఆపేశారు. నా సంతకంతోనే ఆగిందని చెప్పను. కానీ ఆ కాగితాల్లో నాది కూడా ఒకటి ఉంది.

నా మనవరాలు

కొన్నేళ్ళ కిందట మా మనవరాలికి మూడేళ్ళు నిండాయి. ఒక రోజు బలపం ఎడమ చేత్తో పట్టుకుంది. మా కోడలు ఆ చేతి మీద ఒక్కటి వేసింది. "అది చెడ్డ చెయ్యి" అంది.

ఆ దెబ్బ నాకు తగిలింది. నేను లేచి పోయి పిల్లను ఎత్తుకున్నాను.

"కొట్టొద్దమ్మా" అన్నాను.

"ఇప్పుడే మాన్పించకపోతే ఎట్లా అత్తా? బడిలో నవ్వరా?" అంది కోడలు. అది కూడా పిల్ల మీద ప్రేమతోనే అంది. మా అవ్వ కూడా ప్రేమతోనే నా చెయ్యి కట్టింది.

నేను మా కోడలిని కూర్చోబెట్టి నేను చదువుకున్న సంగతులు చెప్పాను. మీకు కూడా చెబుతాను.

పదిమందిలో ఇంచుమించు ఒకరిది ఎడమచేతి వాటం. ఇది పుట్టుకతో వచ్చేదే. జబ్బు కాదు, పాపం కాదు. మన మెదడులో కుడి సగం ఎడమ చేతిని నడుపుతుంది. ఎడమ సగం కుడి చేతిని నడుపుతుంది. కొట్టినా, కట్టినా ఈ వాటం పోదు. పిల్లలు బెదిరిపోతారు, అంతే.

గాంధీగారు 1909లో ఇంగ్లండు నుంచి దక్షిణాఫ్రికాకు ఓడలో పోతూ "హింద్ స్వరాజ్" అనే పుస్తకం రాశారు. కుడి చెయ్యి అలిసిపోతే ఎడమ చేత్తో రాశారు. సచిన్ టెండూల్కర్ బ్యాటు కుడిచేతి వాటంగా పట్టేవాడు. కానీ రాసేది ఎడమ చేత్తో. ఏటా ఆగస్టు 13న ఎడమచేతి వాళ్ళ దినం కూడా జరుపుతారు.

మా కోడలు ఒక మాట అడిగింది. "ఎడమ చెయ్యి కడుక్కునే చెయ్యి కదా అత్తా?" మంచి ప్రశ్నే. నేనేమన్నానంటే, సబ్బుతో కడిగితే రెండు చేతులూ శుభ్రమే. కడగకపోతే రెండూ మురికే.

నేను అన్నం ఇప్పటికీ కుడి చేత్తోనే తింటాను. తీర్థం కుడి చేత్తోనే పుచ్చుకుంటాను. అలవాటయింది. అందులో నాకు పట్టింపు లేదు. కానీ రాతకు, కోతకు, ముగ్గుకు నా చెయ్యి నా ఇష్టం.

ఇప్పుడు మా మనవరాలు ఐదో తరగతి. ఎడమ చేత్తోనే రాస్తుంది. కత్తెరతో మాత్రం తంటాలు పడుతుంది. మామూలు కత్తెర కుడిచేతి వాళ్ళకు చేసింది. ఎడమ చేత్తో పడితే కాగితం తెగదు, మడత పడుతుంది. ఎడమచేతి కత్తెర్లు కూడా ఉంటాయని తెలిసి, పట్నం నుంచి ఒకటి తెప్పించాను. దాని మీద "అవ్వ ఇచ్చింది" అని రాసి దాచుకుంది. ఆ కత్తెర చూసినప్పుడల్లా నాకు కమ్మరి తాత కొడవలి గుర్తొస్తుంది.

అమ్మలారా! మీలో పుర్రచెయ్యి వాళ్ళు ఒకరిద్దరు ఉండే ఉంటారు. మిగతావాళ్ళకు ఇంకేదో ఉంటుంది. "నీ గొంతు బాగాలేదు, పాడొద్దు" అని ఉంటారు. "నీకు లెక్కలు రావు" అని ఉంటారు. ఆ మాట ఎవరన్నారో, ఎప్పుడన్నారో ఒకసారి గుర్తు చేసుకోండి. మీరు నిజంగా చేసి చూశారా, లేక ఆ మాటే నమ్మారా? ఇంటికి పోయి ఆలోచించండి. వచ్చేసారి కలిసినప్పుడు ఒకరికొకరు చెప్పుకుందాం.

ఇంక నా మాటలు చాలు. సంతకాల పుస్తకం ఇటు ఇవ్వండి. నా ఎడమ పక్క కూర్చున్న చెల్లీ, కాస్త జరుగమ్మా. నా మోచెయ్యి తగులుతుంది!