ముందు చొక్కా, తర్వాత ఆసుపత్రి
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కమిటీ వాళ్లు నన్ను బడి జ్ఞాపకాలు చెప్పమన్నారు. నాకంటే బాగా చెప్పేవాళ్లు ఈ హాల్లో యాభై మంది ఉన్నారు. నాకు తెలిసిన పని ఒక్కటే. ముప్పయ్యేళ్లకు పైగా రసాయన పరిశ్రమల్లో సేఫ్టీ ఇంజనీరుగా ఉన్నాను. కొన్నేళ్లుగా ఫైర్ సిబ్బందికి, అంబులెన్స్ వాళ్లకు, ఫ్యాక్టరీ షిఫ్టు వాళ్లకు ఒక పాఠం చెబుతున్నాను. ఒంటి మీద రసాయనం పడ్డ మనిషి నుంచి దాన్ని ఎలా వదిలించాలి, వదిలించేవాడికి అది అంటకుండా ఎలా చూడాలి అన్నది ఆ పాఠం. పుస్తకాల్లో దీన్ని డీకంటామినేషన్ అంటారు. మేం పొట్టిగా డీకాన్ అంటాం.

1984 డిసెంబరులో నేను పదో తరగతి. భోపాల్ వార్త వచ్చిన రోజున మన క్లాసులో వేరే మాట లేదు. అప్పటి ఆర్.ఆర్.ఎల్., ఇప్పటి ఐఐసీటీ, మనకు నడిచిపోయేంత దూరం. అక్కడి ఉద్యోగుల పిల్లలు మన బెంచీల్లోనే ఉండేవారు కాబట్టి మిథైల్ ఐసోసైనేట్ అన్న పేరు మిగతా ఊళ్ల పిల్లలకంటే మనకు ముందే నోరు తిరిగింది. డిసెంబరు 16న అక్కడ మిగిలిన రసాయనాన్ని ఖర్చు చేసేటప్పుడు హెలికాప్టర్లతో నీళ్లు చల్లారు, ఫ్యాక్టరీ చుట్టూ తడిగుడ్డలు కట్టారు. గ్యాసుకు నీళ్లేమిటని నేను కెమిస్ట్రీ సార్‌ని అడిగాను. ఆయన సమాధానం చెప్పి, "ఈ ప్రశ్న వదిలిపెట్టకు" అన్నారు. అప్పుడు అది పొగడ్త అనుకున్నాను. ట్యాంకులోకి నీళ్లు చేరడం వల్లే ఆ ప్రమాదం మొదలైందని, అదే రసాయనం గాలిలోకి వస్తే నీళ్లే అడ్డమని చాలాకాలం తర్వాత చదివి తెలుసుకున్నాను.

క్యాంపస్‌లో ఇంజనీరింగ్ చదివి ఉద్యోగంలో చేరిన కొత్తలో జరిగింది చెబుతాను. ఊరి చివర ఒక ఫ్యాక్టరీ, పేరు అనవసరం. డ్రమ్ములోంచి అనిలిన్ తోడుతుంటే గొట్టం ఊడి ఒక హెల్పర్ ఛాతీ నుంచి మోకాళ్ల దాకా తడిసిపోయాడు. అనిలిన్ మంట పెట్టదు. అదే దాని మోసం. చర్మంలోంచి నెమ్మదిగా రక్తంలోకి దిగి, రక్తం ఆక్సిజన్ మోయకుండా చేస్తుంది. సేఫ్టీ షవర్ ఇరవై అడుగుల దూరంలో ఉంది. "బట్టలిప్పెయ్" అన్నాను. అతను చుట్టూ చూశాడు. ప్యాకింగ్‌లో పనిచేసే ఆడవాళ్లు పది మంది మూగి ఉన్నారు. "వద్దు సార్, దవాఖానకే పోదాం, నాకేం కాలే" అన్నాడు. నేనూ సరే అన్నాను. త్వరగా ఆసుపత్రికి చేర్చడమే సాయం అనుకునే వయసు నాది.

జీపులో నలభై నిమిషాలు. తల నా ఒళ్లో పెట్టుకున్నాడు. మౌలాలి దాటేసరికి అతని పెదవులు నీలంగా మారాయి, మాట ముద్దయింది. క్యాజువాలిటీలో డాక్టరు అడిగిన మొదటి మాట, "ఈ బట్టలతోనే తెచ్చారా?" అని. ఆ నలభై నిమిషాలూ తడిసిన ప్యాంటు అతనికి ఇంకా మందు ఎక్కిస్తూనే ఉంది. సాయంత్రానికి నాకూ తల పగిలిపోయే నొప్పి. మోసిన వార్డుబాయ్ చేతి తొడుగులు వేసుకోలేదు, అతనూ వాంతి చేసుకున్నాడు. హెల్పర్ బతికాడు. మూడు వారాలు ఆసుపత్రిలో ఉన్నాడు. వాళ్లమ్మ నాకు దండం పెట్టింది, కాపాడానని. ఆ దండం నేను ఈనాటికీ మోస్తున్నాను.

అందుకే నా క్లాసు చొక్కాతో మొదలవుతుంది. పైబట్టలు తీసేస్తేనే చాలా సందర్భాల్లో ఒంటి మీది రసాయనంలో 80 నుంచి 90 శాతం దాకా పోతుందని శిక్షణ పుస్తకాలు చెబుతాయి. తల మీదుగా లాగకూడదు, ముఖానికి పూసుకుంటుంది. కత్తెరతో ముందు నుంచి కత్తిరించాలి. తర్వాత ధారాళంగా నీళ్లు, కానీ జోరు లేకుండా. ఫైర్ వాళ్లకు ఇదే కష్టం. నిప్పుని కొట్టినట్టు మనిషిని కొడతారు. ఆ జోరుకు మందు చర్మంలోకి దిగుతుంది. పొడి రసాయనమైతే ముందు మెల్లగా దులపాలి, తర్వాతే నీళ్లు. సోడియం ముక్కలైతే నీళ్లే ప్రమాదం. లాబ్‌లో సోడియం ముక్క చేసే చిందులు చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

మన తార్నాక పేరు ఎలా వచ్చిందో పెద్దలు చెప్పేది గుర్తుందా? తార్ అంటే తీగ కంచె, నాకా అంటే చెక్‌పోస్టు. డీకాన్ అంటే అచ్చంగా అదే. విషం ఉన్న చోటు ఒక వైపు, శుభ్రమైన చోటు ఒక వైపు, మధ్యలో ఒక నాకా. గాలి వీచే దిక్కు చూసుకుని, గాలికి ఎదురుగా, కాస్త మెరక మీద దాన్ని పెట్టాలి. కడగకుండా ఎవరూ ఇవతలికి రాకూడదు, కాపాడేవాడైనా సరే. శ్మశానం నుంచి వచ్చినవాళ్లు కాళ్లు కడుక్కోకుండా గడప దాటరు కదా, అంత కచ్చితంగా.

ఒకసారి క్యాంపస్‌లో డ్రిల్ పెట్టాం. రెండు ఫైరింజన్లు పక్కపక్కన నిలబెట్టి మధ్యలో నీటితుంపర దారి చేశాం. స్టూడెంట్లు బాధితులు. రసాయనానికి బదులు వాళ్ల బట్టలకు గులాల్ పూశాం. సిబ్బంది బాగానే చేశామనుకున్నారు. అరగంట తర్వాత ఎరుపు ఎక్కడెక్కడుందో వెతకమన్నాను. అంబులెన్స్ తలుపు పిడికి, స్టెచర్ అంచుకి, వైర్‌లెస్ సెట్‌కి, చివరికి టీ గ్లాసుకి. సూట్ విప్పేటప్పుడు ఒకాయన అలవాటుగా ముందు మాస్కు తీసేశాడు. ముఖమంతా ఎరుపు. అందరూ నవ్వారు, ఆయనతో సహా. మాస్కు దాదాపు చివర తీయాలన్నది తర్వాత ఎవరూ మర్చిపోలేదు. పవర్‌పాయింట్‌తో పదేళ్లు చెప్పినా ఎక్కనిది పది రూపాయల గులాల్ ఎక్కించింది.

సూట్ల సంగతి కూడా చెప్పాలి. మన ఎండల్లో పూర్తిగా మూసిన సూట్‌లో ఇరవై నిమిషాలకు మించి పనిచేయించడానికి నేను ఒప్పుకోను. వేసుకున్నవాడే పడిపోతాడు.

2020 మే 7 తెల్లవారుజామున విశాఖలో ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరిన్ ఆవిరి ఆర్.ఆర్. వెంకటాపురం మీదికి పాకింది. ఆ ఆవిరి గాలికంటే మూడు రెట్లకు పైగా బరువు, నేల పట్టుకుని నడుస్తుంది. 12 మంది పోయారు. మొదట చేరిన పోలీసులు ఆ గాలిలో ఎక్కువసేపు నిలవలేకపోయారు. రసాయన ప్రమాదాల్లో శిక్షణ ఉన్న ఎన్డీఆర్‌ఎఫ్ ప్రత్యేక బృందం పుణె నుంచి విమానంలో రావలసి వచ్చింది. వాళ్లు సమర్థులే. కానీ విమానం వచ్చేలోపు మనుషుల్ని చేతుల మీద మోసింది కానిస్టేబుళ్లు, పక్కింటి కుర్రాళ్లు. ఆవిరి తగిలినవాళ్లకు స్నానాలకంటే ముందు మంచి గాలి కావాలి, ఆ బట్టలు మార్చాలి. ఇది తెలియవలసింది ఆ మొదట చేరినవాళ్లకు.

1995లో టోక్యో మెట్రోలో సారిన్ చల్లినప్పుడు కూడా ఇంతే. బాధితుల్ని అవే బట్టలతో ఆసుపత్రిలోకి తీసుకుంటే డాక్టర్లకు, నర్సులకు చూపు మసకబారింది.

ఇక నా అసలు గొడవ. పరాయి దేశాల శిక్షణ పుస్తకాల్లో "బట్టలు తీయించండి" అని ఒక్క వాక్యం ఉంటుంది. చీర కట్టుకున్న అమ్మ చేత నడిరోడ్డు మీద, సెల్‌ఫోన్లు పట్టుకున్న జనం ముందు ఎలా తీయిస్తారు? తీయదు. ప్రాణం పోయినా తీయదు. మా హెల్పర్ మగవాడై ఉండీ తీయలేదు. ఆ సిగ్గుని తిట్టి లాభం లేదు, దానికి ఏర్పాటు ఉండాలి. నాలుగు కర్రలు, రెండు దుప్పట్లతో తెర. ఆడవాళ్ల వైపు ఆడ సిబ్బంది. విప్పిన వెంటనే వేసుకోవడానికి ఒక నైటీ, ఒక లుంగీ. పుస్తెలతాడు, సెల్, పర్సు వేసి పేరు రాసే కవరు. అది తిరిగి వస్తుందన్న నమ్మకం లేకపోతే మెడలోంచి ఎవరూ తీయరు. లక్షల సూట్లు కొనే బడ్జెట్లో ఈ నైటీల పద్దు నేను ఎక్కడా చూడలేదు.

మనకెందుకు ఇదంతా అంటారేమో. చర్లపల్లి డిపోల ట్యాంకర్లు, నాచారం ఫ్యాక్టరీల డ్రమ్ములు మన చుట్టూనే తిరుగుతాయి. ట్యాంకర్ వెనక బోర్డు మీద నాలుగంకెల నంబరు ఉంటుంది. 1203 పెట్రోలు, 1005 అమోనియా, 1830 సల్ఫ్యూరిక్ యాసిడ్. 112కి ఫోన్ చేసేటప్పుడు దూరం నుంచే ఆ నంబరు చదివి చెబితే వచ్చేవాళ్లకు సగం పని తేలిక. యూనివర్సిటీలకూ ఇది పరాయి విషయం కాదు. 2010లో ఢిల్లీ యూనివర్సిటీ వేలం వేసిన పాత కోబాల్ట్ పరికరం మాయాపురి తుక్కు బజారుకు చేరి ఒకరి ప్రాణం తీసింది.

పెద్ద ప్రమాదం జరగగల ఫ్యాక్టరీల కోసం జిల్లా యంత్రాంగం ఏడాదికి ఒక్కసారైనా బయటి డ్రిల్ చేయాలని 1989 నిబంధనల్లోనే ఉంది. ఈసారి డ్రిల్ మన బడి మైదానంలో పెట్టమని నేను అడుగుతాను. హెడ్‌మాస్టరుగారు ఇందాక తల ఊపారు, నేను చూశాను. బాధితులుగా నటించడానికి మన పూర్వ విద్యార్థులు నలభై మంది కావాలి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లయితే ఇంకా మంచిది, మోయడం నేర్చుకుంటారు. పాత నైటీలు, లుంగీలు, దుప్పట్లు ఉతికి ఆఫీసు గదిలో ఇవ్వండి. రసీదు ఇస్తాం. గులాల్ నేను తెస్తాను.