ఈతకొలనుకు కాపరులు

పురపాలక సంఘము ఈతకొలను కట్టించునపుడు పలకల రంగును గూర్చి పలుమార్లు చర్చ జరుగును. కాచువారెవరన్న ప్రశ్న ప్రారంభోత్సవమునకు ముందునాడు గాని తలయెత్తదు. అప్పుడొక కావలివానిని పిలిచి, ఈత వచ్చునా యని అడిగి, పనిలో పెట్టుకొందురు. ఈ పద్ధతి మాకు సమ్మతము కాదు.

ఈదుట వేఱు, మునుగువానిని గుర్తించుట వేఱు. మునుగువాడు కేకలు వేయునని లోకులనుకొందురు. వానికి ఊపిరి తీయుటయే గగనము, కేక యెక్కడిది? గట్టుమీదివారికి ఆడుకొనుచున్నట్లే తోచును. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలలో 2021లో సుమారు 3,00,000 మంది నీట మునిగి మరణించిరి. ఇంచుమించు నాలుగవవంతు అయిదేండ్లు నిండని పసివారు.

కావున అభ్యర్థిని కొలనులోనే పరీక్షింపవలెను. అడుగునుండి బరువు తీయింపవలెను; ఆగిన శ్వాసను మరల నడిపించు విధము చేసి చూపుమనవలెను. ఉదయమునుండి రాత్రివఱకు ఒక్కనినే కూర్చుండబెట్టిన కన్నులు అలసిపోవును గనుక వంతులవారీగా మనుష్యులుండవలెను. టిక్కెట్లు చింపుట, చెప్పులు కాచుట వారికి అప్పగింపరాదు. మన యూళ్లలో జరుగునది సరిగా ఇదే!

నీటిని చూచువాడు వేఱుగా నుండవలెను. నీటి ఆమ్లక్షార ప్రమాణమగు పి.హెచ్. 7.2కును 7.8కును నడుమ నుండవలెను. అది హెచ్చినకొలది క్లోరిన్ బలము తగ్గును. ఎండకు క్లోరిన్ త్వరగా హరించును గనుక మన వేసవిలో దినమునకొక పరీక్ష చాలదు. అడుగు కనబడనంతగా నీరు కలగినచో, టిక్కెట్టు కొన్నవారెంత కోపించినను, కొలను మూయించు అధికారము వానికుండవలెను.

వేసవి మూడు నెలలకు కూలికి పిలిచి పిదప పొమ్మన్నచో, పని నేర్చినవాడు మరుసటి యేడు రాడు. ఏడాది పొడుగునా జీతమిచ్చి, చలికాలమున పంపులు, ఫిల్టర్లు వారిచేతనే బాగుచేయించుకొనవచ్చును.