పాత ఆటలకు చేతియంత్రములు

పాత వీడియో ఆటలకై చేతియంత్రము కొనదలచినవారు మొదట తెరను చూడవలెనని మేము చెప్పుదుము. 1989లో జపానున నింటెండో వారు వెలువరించిన గేమ్‌బాయ్ తెర 160 పిక్సెళ్ల వెడల్పు, 144 ఎత్తు. రంగులు లేవు, లోపలి వెలుతురు లేదు. అయినను నాలుగు బ్యాటరీలతో పది గంటలకు పైగా నడిచెడిది. మరుసటి యేట వచ్చిన సెగా వారి గేమ్‌గియర్ తన రంగుల వైభవమునకై ఆరు బ్యాటరీలను కొద్ది గంటలలో ఆరగించెడిది! నేటి యంత్రములలో 640 వెడల్పు, 480 ఎత్తు గల తెర మాకు నచ్చును: గేమ్‌బాయ్ బొమ్మ సరిగా మూడింతలై చెదరక నిలుచును.

పాత యంత్రమునే కొనువారు బ్యాటరీల అరలో చిలుము పట్టినదేమో చూడవలెను. అంతకంటె ముఖ్యమైనది కార్ట్రిడ్జి. ఆడిన ఆటను దాచు పెక్కు కార్ట్రిడ్జీలలో బిళ్ల బ్యాటరీ ఒకటి ఉండును. అది ఉడిగిన నాడు, బాల్యమున నెలల తరబడి ఆడి దాచుకొన్నదంతయు చెరిగిపోవును. పాతదానిని ఊడదీసినను అంతే. కావున మార్పించుటకు ముందే ఆ దాచిన ఆటను కంప్యూటరులోనికి ఎక్కించుకొనుడు. అందుకు తగిన చిన్న పరికరములు నేడు దొరకుచున్నవి.