ఎమ్యులేటర్‌లో షేడర్ పెట్టారు సరే, ఎక్కడ సేవ్ చేశారు?

మొన్న సంక్రాంతికి ఊరెళ్తే మా తమ్ముడు పక్కకి పిలిచి, "అన్నా, నువ్విచ్చిన ఫోన్ డిస్‌ప్లే పోయింది. షాపులో అడిగితే 3 వేలు అవుతుందన్నారు. నాన్నకి చెప్పకు" అన్నాడు. చూస్తే గేమ్ మీద అడ్డంగా నల్ల గీతలు. హోమ్ బటన్ నొక్కా, గీతల్లేవు! డిస్‌ప్లేకి ఏం కాలేదు, తప్పు నాదే. ఫోన్ వాడికి ఇచ్చే ముందు రెట్రోఆర్క్‌లో సీఆర్‌టీ షేడర్ పెట్టి గ్లోబల్‌గా సేవ్ చేసేశా.

షేడర్ అంటే గేమ్ బొమ్మ స్క్రీన్ మీదకి వచ్చే ముందు దానికి వేసే ఎఫెక్ట్. ప్లేస్టేషన్ 1 గేమ్స్ పాత డబ్బా టీవీలో ఆడినవి, వాటికి ఆ సన్న గీతలు అందం. మావాడు ఆడేది గేమ్‌బాయ్ అడ్వాన్స్ గేమ్. 2001లో వచ్చిన ఆ మెషీన్‌ది 240×160 పిక్సెల్స్ ఉన్న ఎల్‌సీడీ. దానికి టీవీ గీతలెందుకు చెప్పండి?

సరే, ఇప్పుడు సర్దుకుందాం. గేమ్ ఓపెన్ చేసి క్విక్ మెనూలో షేడర్స్‌కి వెళ్ళండి. వీడియో షేడర్స్ ఆన్ చేసి లోడ్ నొక్కితే సీఆర్‌టీ, హ్యాండ్‌హెల్డ్ లాంటి ఫోల్డర్లు కనిపిస్తాయి. నచ్చింది ఎంచుకున్నాక సేవ్ దగ్గర ఒక్క క్షణం ఆగండి. అక్కడ ఈ ఆప్షన్లుంటాయి.

గ్లోబల్ అంటే అన్ని గేమ్స్‌కీ. కోర్ అంటే ఆ కోర్‌లో నడిచే గేమ్స్‌కి. కంటెంట్ డైరెక్టరీ అంటే ఆ కోర్‌లో, ఆ ఫోల్డర్ గేమ్స్‌కి. గేమ్ అంటే ఆ ఒక్కదానికే. రెండు మూడు చోట్ల సేవ్ అయ్యుంటే ముందు గేమ్‌ది, లేకపోతే ఫోల్డర్‌ది, తర్వాత కోర్‌ది, చివరికి గ్లోబల్ తీసుకుంటుంది.

నేను చేసేది ఇదే. గ్లోబల్‌ని రిమూవ్ చేసి ఖాళీగా ఉంచుతా. ప్లేస్టేషన్ కోర్‌కి సీఆర్‌టీ, గేమ్‌బాయ్ కోర్‌కి హ్యాండ్‌హెల్డ్ సేవ్ చేస్తా. ఏదైనా ఒక గేమ్‌కి వేరేది బాగుంటే గేమ్ ప్రీసెట్. ఫోన్ వేడెక్కి గేమ్ నెమ్మదిస్తే షేడర్ బరువెక్కువైందని అర్థం, తేలికైంది పెట్టుకోండి.

అలా మార్చాక తమ్ముడి గేమ్ శుభ్రంగా వచ్చింది, 3 వేలూ మిగిలాయి. మీకూ గీతలు కనిపిస్తే షాపుకి పరిగెత్తే ముందు ఒకసారి హోమ్ బటన్ నొక్కి చూడండి.