పాతివ్రత్యం కవచం కాదు

(మహిళా కార్యకర్తల శిక్షణా శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



హెచ్.ఐ.వి. గురించి చెప్పడానికి నేను ఏ ఊరు వెళ్లినా ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది. "సంసారం చేసుకునే ఆడవాళ్లకి ఇదెందుకొస్తుంది?" అని. మనం జవాబు చెప్పాల్సింది ముందుగా ఈ ప్రశ్నకే.

మన దేశంలో ఈ వైరస్‌ను తొలిసారి 1986లో మద్రాసులో సెక్స్ వర్కర్ల రక్త పరీక్షల్లో కనుగొన్నారు. అప్పటినుంచి నింద ఆ స్త్రీల మీదే పడింది. వాళ్ల దగ్గరికి వెళ్లిన పురుషుల గురించి ఎవరూ మాట్లాడలేదు. ఆ పురుషుల భార్యలు ఎవరికీ గుర్తే రాలేదు. 2021 అంచనాల ప్రకారం దేశంలో హెచ్.ఐ.వి.తో జీవిస్తున్నవారు సుమారు 24 లక్షలు. అందులో దాదాపు 45 శాతం స్త్రీలు. వయోజనుల్లో దేశవ్యాప్తంగా 0.21 శాతం ఉంటే ఆంధ్రప్రదేశ్‌లో 0.67, తెలంగాణలో 0.47 శాతం. ఈ స్త్రీలలో ఎంతోమందికి వైరస్ సోకింది భర్త నుంచే.

ప్రమాదం కొంత శరీర నిర్మాణంలో ఉంది. యోని లోపలి పొర విస్తారమైనది, వీర్యం అక్కడ ఎక్కువసేపు నిలుస్తుంది. చిన్న వయసు పిల్లల్లో గర్భాశయ ముఖద్వారం ఇంకా పరిణతి చెంది ఉండదు. బలవంతపు సంభోగంలో గాయాలవుతాయి. సుఖవ్యాధులుంటే వైరస్‌కు దారి సులువవుతుంది. స్త్రీలలో వాటి లక్షణాలు చాలాసార్లు బయటపడవు. బయటపడినా సిగ్గుతో చెప్పుకోరు.

మిగతా ప్రమాదమంతా సమాజం సృష్టించిందే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 20-24 ఏళ్ల స్త్రీలలో 18 నిండకముందే పెళ్లయినవారు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. పదహారేళ్ల పిల్ల తనకంటే ఎంతో పెద్దవాడైన భర్తను నిరోధ్ వాడమని అడగగలదా? అడిగితే "నన్ను అనుమానిస్తున్నావా? నీకివన్నీ ఎవరు నేర్పారు?" అంటాడు. ఇల్లు అతని పేరున ఉంది. పుట్టింటివాళ్లు సర్దుకుపొమ్మంటారు. భార్యకు 18 నిండితే, భర్త చేసే బలాత్కారాన్ని 2024లో అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత కూడా అత్యాచారంగా గుర్తించలేదు.

మన ప్రాంతంలో ఇంకో విషయముంది. ఇద్దరు పిల్లలు పుట్టగానే ఆపరేషన్ ఆడవాళ్లకే చేయిస్తాం, అదీ చిన్న వయసులో. దాంతో ఆ ఇంట్లో నిరోధ్ అడగడానికున్న ఒక్క సాకూ పోతుంది. ఆపరేషన్ గర్భాన్ని ఆపుతుంది కానీ వైరస్‌ను ఆపదు. ఈ ముక్క ఆస్పత్రిలో చెప్పేవాళ్లు తక్కువ.

గర్భిణిగా పరీక్ష చేయించుకునేది భార్య కాబట్టి చాలా ఇళ్లల్లో విషయం ముందు ఆమెకే తెలుస్తుంది. ముందు తేలింది గనక తెచ్చింది కూడా ఆమేనని అత్తింటివారు గెంటేస్తారు. 2018 సెప్టెంబర్ 10న అమల్లోకి వచ్చిన హెచ్.ఐ.వి., ఎయిడ్స్ చట్టం ఉమ్మడి ఇంట్లో నివసించే హక్కు ఆమెకు ఇచ్చింది. సమ్మతి లేకుండా పరీక్ష చేయకూడదంది. హింసకో వెళ్లగొట్టడానికో దారితీస్తుందన్న భయం ఉన్నప్పుడు ఆమె విషయం వైద్య సిబ్బంది భర్తకు చెప్పకూడదని కూడా అంది. ఈ సంగతులు మన కార్యకర్తలందరికీ నోటికి రావాలి.

సోనాగాచి సంగతి వినండి. కలకత్తాలోని ఆ వాడలో 1992లో మొదలైన కార్యక్రమంతో సెక్స్ వర్కర్లు సంఘటితమయ్యారు, నిరోధ్ వాడకం బాగా పెరిగింది. ఒక్కతే కాదంటే మగవాడు పక్క గదికి పోతాడు. అందరూ కాదంటే ఎక్కడికి పోతాడు? సమాజం చెడిపోయారన్న స్త్రీలు సంఘంగా సాధించుకున్న ఈ మాట, గౌరవంగా కాపురం చేసుకునే భార్యకు ఇవాళ్టికీ లేదు. ఆమె ఆ గదిలో ఒంటరి.

ఆ ఒంటరితనాన్ని పోగొట్టడమే మన పని. గర్భిణితోపాటు భర్తకూ పరీక్ష చేయించమని ఆరోగ్య కేంద్రాల్లో అడుగుదాం. ప్రభుత్వ ఎ.ఆర్.టి. కేంద్రాల్లో 2004 నుంచి మందులు ఉచితం. వాటిని క్రమం తప్పక వాడి, రక్తంలో వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గితే, కలయిక ద్వారా అది సోకదు. భర్త మందు మింగడం భార్యకు రక్షణ. బాల్య వివాహాలు ఆపుదాం. ఇళ్ల పట్టాలు స్త్రీల పేర రాయించుకుందాం. పొదుపు సంఘంలో డబ్బు లెక్కలతోపాటు ఈ మాటా నోరు విప్పి మాట్లాడుకుందాం. వద్దని చెప్పగల శక్తి, చెప్పాక కూడా తలదాచుకునే ఇల్లు, పక్కన నిలబడే మనుషులు ఉన్నప్పుడే స్త్రీకి నిజమైన రక్షణ.