స్కాట్లాండ్‌లో కౌన్సిల్ సభ తీరు

స్కాట్లాండ్‌లో బడులు, రోడ్లు, చెత్త సేకరణ, వృద్ధుల సంరక్షణ వంటివి చూసేది 32 స్థానిక కౌన్సిళ్లు. 1996 నుంచి ఈ పనులన్నీ ఒకే అంచె కిందికి వచ్చాయి.

సభ ఎజెండాను ముందుగానే జనానికి అందుబాటులో ఉంచాలి. అధ్యక్షుణ్ణి కొన్నిచోట్ల కన్వీనర్ అంటారు, కొన్నిచోట్ల ప్రోవోస్ట్. ఎడిన్‌బరా, గ్లాస్గోలలో లార్డ్ ప్రోవోస్ట్. హాజరు, గత సమావేశపు మినిట్స్ ఆమోదం చకచకా అయిపోతాయి. తర్వాతిదే నాకు ఆసక్తిగా తోచేది. చర్చకు రాబోయే విషయంలో తనకో, తన ఇంటివాళ్లకో లాభనష్టాలుంటే సభ్యుడు ఆ సంగతి నలుగురిలో చెప్పి, ఆ అంశం ముగిసేదాకా బయటికి వెళ్లిపోవాలి.

ఆ పైన తీర్మానం, దానికి సవరణ, ఓటింగు. ఓట్లు సమానమైతే సాధారణంగా అధ్యక్షుడి నిర్ణాయక ఓటుతో తేలుతుంది. కానీ సభ్యుల్లో ఒకరిని పదవికి ఎన్నుకునేటప్పుడు సమానమైతే చీటీ వేయాల్సిందే! మన పంచాయతీ ఎన్నికల్లోనూ అంతే కదా.

2007 నుంచి ఓటర్లు అభ్యర్థులకు ఒకటి, రెండు, మూడు అని ప్రాధాన్యం రాస్తున్నారు. అందుకే చాలా కౌన్సిళ్లలో ఏ పార్టీకీ సొంత మెజారిటీ రాదు. దాంతో పార్టీల మధ్య నడిచే బేరసారాల వేడి బడ్జెట్ సభలో కనిపిస్తుంది. మార్చి 11లోగా వచ్చే ఏడాది కౌన్సిల్ పన్ను ఖరారు కావాలి మరి. ఇలాంటి సభలను చాలా కౌన్సిళ్లు ఇంటర్నెట్‌లో ప్రత్యక్షంగా చూపిస్తాయి కూడా.